పిల్లల మనోవర్తి లెక్క – 3వ పాఠం: మళ్లీ షాపు దగ్గరికే

పోయిన పాఠంలో, ఏడాదికి 60 లక్షల అమ్మకాలున్న ఎలక్ట్రికల్ షాపు నడిపే తండ్రి ఆదాయం లెక్కగట్టమన్నాను. చాలామంది నెలకు 30,000 అని రాశారు. ఆదాయపు పన్ను రిటర్నులో ఉన్నది అదే. నేను 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీ సెక్షన్‌ను ఒక్క వాక్యంలో దాటేయడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. అందుకే ముందుకు పోకుండా ఇక్కడే ఆగుదాం.

ఆ సెక్షన్ కింద చిన్న వ్యాపారి బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాల మీద 6 శాతం, నగదు అమ్మకాల మీద 8 శాతం లాభం చూపిస్తే చాలు, ఖాతా పుస్తకాలు రాయనక్కర్లేదు. 60 లక్షల డిజిటల్ అమ్మకాలకు 3.6 లక్షలు, అంటే నెలకు 30,000. ఇది పన్ను కోసం కట్టిన అంచనా. బిడ్డ ఫీజు దీన్నిబట్టి తేల్చకూడదు. ఈ ఒక్క అంకె పట్టుకుని ‘ఆయన సంపాదనే అంత’ అని ఒప్పుకున్న తల్లులను చూస్తే బాధేస్తుంది.

అసలు లెక్క జీఎస్టీ కాగితాల్లో వెతకండి. 3బీలో (వ్యాపారి అమ్మకాలు చూపే జీఎస్టీ రిటర్ను) ఏడాది అమ్మకాలు 60 లక్షలు, 2బీలో (అతను కొన్నవాటి వివరాలుండే జీఎస్టీ పట్టిక) సరుకు కొనుగోళ్లు 48 లక్షలు. సరుకు నిల్వ మారలేదనుకుంటే మిగిలేది 12 లక్షలు. అద్దె 2.4 లక్షలు, జీతాలు 3 లక్షలు, కరెంటు వగైరా 60 వేలు తీసేస్తే 6 లక్షలు. అంటే నెలకు 50,000.

జీతాల్లో 1.2 లక్షలు షాపు గడప తొక్కని తమ్ముడి పేరున ఉంటే వెనక్కి కలపండి, 60,000 అవుతుంది. తమ్ముడు నిజంగా కౌంటర్లో కూర్చుంటే ముట్టుకోవద్దు. షాపు లోను మీద వడ్డీ ఖర్చే. తీసుకున్న అప్పు (అసలు) తీర్చే వాయిదాను మాత్రం నేను తీసెయ్యను, అది ఆస్తి కూడబెట్టడం.

ఆదాయం తేలాక, అందులో పిల్లలకు ఇంత శాతమని మన దేశంలో చట్టంలో సూత్రం లేదు. 2020లో రజనేష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలంది. పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రిదేనని, తల్లికి తగినంత సంపాదన ఉంటే దామాషాలో పంచవచ్చని చెప్పింది. తండ్రికి నెలకు 60,000, తల్లికి 40,000 వస్తే, 15,000 ఖర్చులో తండ్రి వాటా 9,000.

అభ్యాసం: అదే షాపు బ్యాంకు ఖాతాలో 70.8 లక్షలు పడ్డాయి. సరుకుపై జీఎస్టీ 18 శాతం. ‘10.8 లక్షలు దాచాడు’ అని తల్లి అంటోంది, నిజమేనా? ఏడాది చివరికి సరుకు నిల్వ 2 లక్షలు పెరిగితే నెల ఆదాయం ఎంత? ఆ 2 లక్షలు ర్యాకుల్లోనే ఉన్నాయి కదా అని తండ్రి లాయరు అడిగితే ఏం చెబుతారు? కాగితం మీద రాసి ఉంచండి, వచ్చే పాఠం అక్కడి నుంచే.