పళ్ళ వైద్యానికి పెద్ద ఖర్చు పడితే నలుగురి సాయం ఎలా అడగాలి?

గుండె ఆపరేషన్ అంటే ఊరంతా కదులుతుంది. పళ్ళు అనేసరికి "పళ్ళేగా" అంటారు. ఆ ఒక్క మాటకు భయపడి మా పిన్ని రెండేళ్ళు ఎవరికీ చెప్పుకోలేదు. షుగర్, చిగుళ్ళ జబ్బు కలిసి పై దవడలో పళ్ళు చాలావరకు పోయాయి. జొన్నరొట్టె మానేసింది, పెరుగన్నం పిసుక్కుని తినేది. పెళ్ళిళ్ళకు వెళ్ళినా పంక్తిలో కూర్చునేది కాదు. ఆమెకు పళ్ళు కట్టించేటప్పుడు మేం నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నాను.

1. ఖర్చు కాగితం మీదకి రావాలి

మేం మొదట వెళ్ళిన క్లినిక్‌లో "మొత్తం నాలుగు లక్షలవుతుంది" అని నోటిమాటగా చెప్పారు. దేనికెంతో లేదు. ఆ మాట పట్టుకుని ఎవరిని అడుగుతాం? అందుకే దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయించండి. ఏ పళ్ళు నిలుస్తాయి, ఏవి పీకాలి, ముందు ఏది చేయాలి, దేనికెంత అన్నది డాక్టరు సంతకంతో రాయించుకోండి. ఇంప్లాంట్లు (దవడ ఎముకలో బిగించే పళ్ళు) కాకుండా, పక్క పళ్ళ ఆధారంతో కట్టే బ్రిడ్జి గానీ, తీసి పెట్టుకునే పళ్ళ సెట్టు గానీ సరిపోతుందా అని తప్పకుండా అడగండి. చీము, నొప్పి ఉన్న పళ్ళ పని మాత్రం డబ్బు కూడేదాకా ఆపకూడదు. షుగర్ ఉంటే దాన్ని అదుపులోకి తేవడం కూడా వైద్యంలో భాగమే.

2. అడిగే ముందు ఖర్చు తగ్గించండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో కూడా క్లినిక్‌ల కన్నా బాగా తక్కువకు చేస్తారు. పని చేసేది విద్యార్థులే అయినా, ప్రొఫెసర్లు పక్కనుండి చూస్తారు. ఎండీఎస్ (పళ్ళ వైద్యంలో పీజీ) చదివేవాళ్ళు అప్పటికే బీడీఎస్ డిగ్రీ పూర్తిచేసిన డాక్టర్లు, కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. కాకపోతే ఓపిక కావాలి. ఒక్క పళ్ళ సెట్టుకే నాలుగైదుసార్లు తిరగాలి. పళ్ళు పీకాక చిగురు మానేదాకా ఆగాలి. బస్సు ఛార్జీలు, పోయే కూలి కూడా లెక్కలో రాయండి.

పిన్నికి అలా అడిగితే పైన పళ్ళ సెట్టు, కింద మూడు పళ్ళకు రూట్ కెనాల్, క్యాపులు చాలన్నారు. దారి ఖర్చులతో కలిపి 46,000 అయింది. నాలుగు లక్షల సాయం అడగడానికి ఆమెకు నోరు పెగిలేది కాదు.

మామూలు పళ్ళ పనికి ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు. ప్రమాదంలో దవడ విరగడం, నోటి క్యాన్సర్ లాంటివైతే సంగతి వేరు. అప్పుడు ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తించే నెట్‌వర్క్ ఆసుపత్రిలో, రోగులకు దారి చూపే ఆరోగ్యమిత్రను కలవండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికి ఒరిజినల్ బిల్లులు దాచిపెట్టుకోండి. దాని మీదే ఆశ పెట్టుకుని మాత్రం కూర్చోవద్దు.

3. ఎవరిని అడగాలి?

మన ఇళ్ళలో చదివింపుల పుస్తకం ఉంటుంది కదా, అది తీయండి. మీరు ఎవరింటి కష్టసుఖాలకు నిలబడ్డారో అందులో కనిపిస్తుంది. అడగడానికి మొహమాటం తగ్గుతుంది. తర్వాత పదో తరగతి బ్యాచ్, పని చేసే చోటు, కుల సంఘం, గుడి లేదా చర్చి లేదా మసీదు కమిటీ, ఊళ్ళో ఉంటే లయన్స్, రోటరీ క్లబ్బులు. క్లబ్బులకు ఫోన్ కన్నా ఎస్టిమేట్ జతచేసిన ఉత్తరం మేలు.

తీర్చగలిగినంత అప్పుగానే తీసుకోండి. పిన్ని తన దగ్గరున్న 10,000 పెట్టి, డ్వాక్రా సంఘంలో 15,000 అప్పు తీసుకుంది. సాయం అడిగింది మిగతా 21,000 మాత్రమే. చేబదులో, సాయమో ముందే తేల్చి చెప్పాలి. ఈ ఒక్కటి తేలక చుట్టరికాలు చెడిపోయిన ఇళ్ళు చూశాను.

రోగి తరఫున మాట్లాడే మనిషి ఒకరుంటే సగం భారం తగ్గుతుంది. పిన్ని కోసం ఆమె చిన్ననాటి స్నేహితురాలు బ్యాచ్ గ్రూపులో ఇలా పెట్టింది:

"అందరికీ నమస్కారం. మన ఫలానాకి పై పళ్ళు పోయి రెండేళ్ళుగా సరిగా తినలేకపోతోంది. డెంటల్ కాలేజీలో 46,000 అవుతుందన్నారు. 25,000 తనే సమకూర్చుకుంది. ఇంకా 21,000 కావాలి. ముందుగా ఈ నెల 20 లోపు రూట్ కెనాల్‌కి 8,000 కట్టాలి. ఎస్టిమేట్ జతచేశాను. వీలైనవాళ్ళు వీలైనంత ఇవ్వండి, వీలుకాకపోతే ఏమీ అనుకోం. ఇది తనకి చెప్పే పెడుతున్నాను."

చివరి వాక్యం వదలొద్దు. మనిషిని అడక్కుండా ఆమె కష్టాన్ని గ్రూపులో పెట్టకూడదు. నోరు తెరిచిన ఫొటోలూ అక్కర్లేదు.

మిలాప్, కెట్టో లాంటి ఆన్‌లైన్ విరాళాల వెబ్‌సైట్లలో కూడా అడగొచ్చు. పేమెంట్ ఛార్జీలు, వాళ్ళడిగే టిప్ సంగతి ముందు చదవండి. లక్ష లోపు ఖర్చుకి తెలిసినవాళ్ళే చాలని నా అభిప్రాయం.

4. డబ్బు లెక్క

వీలైతే దాతలే కాలేజీ కౌంటర్లో కట్టేలా చూడండి. లేదంటే ఒకే ఖాతాకు వేయించి, ఆ లెక్క ఇంకొకరు కూడా చూసేలా పెట్టండి. ఆధార్ ఫొటో గ్రూపుల్లో పెట్టొద్దు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. కొట్టమన్నారంటే అది మోసమే.

చట్టం లెక్కలో బంధువులు కానివాళ్ళ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో మొత్తం 50,000 రూపాయలు దాటి వస్తే ఆదాయపు పన్ను పడవచ్చు. అమెరికాలాంటి చోట పౌరసత్వం తీసుకున్న స్నేహితులు ఇస్తామంటే విదేశీ విరాళాల చట్టం సంగతి కూడా ఉంటుంది. ఈ రెండిటికీ ముందే ఆడిటర్‌ని అడగండి.

5. పని అయ్యాక

ప్రతి దశ పూర్తవగానే రసీదు ఫొటో, మిగిలిన మొత్తం గ్రూపులో పెట్టండి. రూట్ కెనాల్ రసీదు పెట్టిన రాత్రే మాకు ఇంకో ముగ్గురు పంపారు. చివరికి 1,400 మిగిలింది. ఏం చేయమంటారని స్నేహితురాలు అడిగితే, ఉంచుకోమన్నారు అందరూ. పళ్ళు పీకాక చిగురు అణుగుతూ ఉంటుంది కాబట్టి కొత్త సెట్టు కొన్నాళ్ళకు వదులవుతుంది. ఏడాది తిరగకముందే పిన్నిదీ వదులైంది. సరిచేయించడానికి ఆ డబ్బే పనికొచ్చింది.