ఆడపడుచుల వరస తెగకుండా వంశవృక్షం రాయడం ఎలా?

వంశవృక్షం తెగేది ఎక్కువగా పెళ్లి దగ్గరే. కొడుకుల వరస ఆరేడు తరాలు చెప్పే ఇళ్లలో కూడా కూతుళ్ల సంగతి "ఫలానా ఊరికి ఇచ్చారట" దగ్గర ఆగిపోతుంది. ఇంటిపేరు మారగానే మనిషి కాగితాల్లో దొరకదు. అందుకే ప్రతి స్త్రీ పేరు పక్కన పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు, పుట్టింటి గోత్రం, ఇచ్చిన ఊరు, ఈ నాలుగూ రాయాల్సిందే.

ముందు నెంబర్లు వేసుకోండి. మూలపురుషుడు 1, ఆయన పిల్లలు ఆడా మగా కలిపి పుట్టిన వరసలో 1.1, 1.2, రెండో బిడ్డకు పుట్టిన మూడో బిడ్డ 1.2.3. ఇద్దరు భార్యలుంటే అ, ఆ అని గుర్తు పెట్టి, ఏ బిడ్డ ఏ తల్లికో రాయాలి. తికమక అంతా మేనరికాల్లో వస్తుంది. తమ్ముడు అక్క కూతుర్ని చేసుకుంటే ఆమె ఇంటికి మనవరాలూ, కోడలూ. ఆమెకు పుట్టిన నెంబరే ఉంచి, భర్త పక్కన ఆ నెంబరు మాత్రం వేయండి. రెండుచోట్లా పేరు రాస్తే పిల్లలు రెండుసార్లు లెక్కకొస్తారు.

తర్వాత పాత శుభలేఖలు. వీటిని తేలిగ్గా తీసుకోవద్దు. "కనిష్ఠ పుత్రిక" అని ఉంటే ఆమెకు పైన అక్కలున్నట్టే. "తృతీయ పుత్రుడు" అంటే ఇద్దరు అన్నలుండాలి, మీ జాబితాలో ఒక్కడే ఉంటే ఇంకొకరిని వెతకాలి.

ఆస్తి కాగితాల్లో కూతుళ్లు బాగా దొరుకుతారు. పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి దానపత్రం, పంపకాల దస్తావేజు, వారసులంతా సంతకాలు పెట్టిన అమ్మకం దస్తావేజు చూడండి. తెలంగాణలో ఈసీ (ఒక ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టాలి. స్థిరాస్తి దస్తావేజుల పుస్తకం, దాని సూచికలు ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చని 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది.

హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో భూమి ఉన్న కుటుంబమైతే 1954-55 ఖాస్రా పహాణీ (ఏ సర్వే నెంబరు ఎవరిదో, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు) నకలు తీసుకోండి. అక్కడి నుంచి వెనక్కి సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రికార్డు), ముందుకు విరాసత్ (వారసత్వం) ఫైళ్లు చూడాలి. పట్టాదారు పోయాక భూమి ఎవరి పేరున ఎక్కిందో విరాసత్‌లో తెలుస్తుంది. పాతవి ఉర్దూలో ఉంటాయి, చదివిపెట్టే మనిషి కావాలి. మూడు మాటలు మాత్రం మీరే గుర్తుపట్టాలి: "వల్ద్" అంటే ఫలానావారి కొడుకు, "జౌజె" అంటే భార్య, "బేవా" అంటే వితంతువు. "లక్ష్మమ్మ జౌజె మల్లయ్య" తర్వాతి కాగితంలో "లక్ష్మమ్మ బేవా మల్లయ్య" అయితే మల్లయ్య ఆ రెండు తేదీల మధ్య పోయినట్టు.

ఆ పాత కాగితాల తేదీలు ఫస్లీలో (నిజాం సర్కారు వాడిన రెవెన్యూ సంవత్సరం) ఉంటాయి. నిజాం రాజ్యపు ఫస్లీ అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే ఫస్లీ సంవత్సరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. 1352 ఆజూర్ అంటే 1942 అక్టోబరు, అదే 1352 తీర్ (ఎనిమిదో నెల) అయితే 1943. ఇక్కడ ఒక్క ఏడాది తప్పితే తల్లి పోయాక బిడ్డ పుట్టినట్టు తేలుతుంది!

కాగితం లేనిచోట నోటిమాటే ఆధారం. రెడ్లకు పిచ్చకుంట్లవాళ్లు (ఇప్పుడు వంశరాజులంటున్నారు), పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజ్‌లకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు గోత్రాలు, వంశాలు చెప్పే మిరాశీదార్లు (తరతరాలుగా ఆ హక్కు ఉన్నవాళ్లు). ఊరికి వచ్చినప్పుడు అడిగి రికార్డు చేసుకోండి, వాళ్లకు ఇవ్వాల్సింది ఇవ్వండి. వాళ్లు చెప్పేది మగ వరసే ఎక్కువ కాబట్టి ప్రతి పేరు దగ్గరా ఆపి "ఎవరి బిడ్డను తెచ్చుకున్నాడు?" అని అడగాలి.

ముస్లిం కుటుంబాల నికా వివరాలు ఖాజీ రాసిన సియాహాలో (నికా పత్రంలో) ఉంటాయి. అది లేకపోతే నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డులో అడగాలి. క్రైస్తవులకు పెళ్లి జరిగిన చర్చి రిజిస్టరే మొదటి ఆధారం. జనాభా లెక్కల ఫారాల కోసం తిరగకండి, 1948 జనగణన చట్టం ప్రకారం అవి ఎవరికీ చూపరు.

చివరిగా ఒక జాగ్రత్త. తాత పేరు మనవడికి పెట్టడం మన ఆనవాయితీ కాబట్టి ఒకే ఇంట్లో ముగ్గురు నర్సింహులు ఉంటారు. పేరొక్కటే చూసి కలపకండి. తండ్రి పేరు, భార్య పేరు, సర్వే నెంబరు, వీటిలో రెండైనా కలిస్తేనే గీత గీయండి. లేకపోతే పెన్సిల్‌తో చుక్కల గీత వేసి ఉంచండి.