కొత్త సైఫై సిరీస్ మొదలుపెట్టే ముందు నేను చూసుకునేవి

ట్రైలర్ చూసి సిరీస్ మొదలుపెట్టకండి. డబ్బుంటే అంతరిక్ష నౌకలు ఎవరైనా ఎగరేస్తారు. ముందు ఆ కథ అసలు పూర్తయిందో లేదో చూసుకోండి. '1899' అనే సిరీస్ చివరి సీన్లో పెద్ద ముడి విప్పి, అంతకంటే పెద్దది వేశారు. రెండో సీజన్ రాకుండానే సిరీస్ రద్దయింది. '1899' తీసినవాళ్లే అంతకుముందు తీసిన 'డార్క్' మాత్రం 2017 నుంచి 2020 దాకా మూడు సీజన్లలో, 26 ఎపిసోడ్లలో చక్కగా ముగిసింది. కొత్తగా సైఫై చూసేవాళ్లు ఇలా పూర్తయిన వాటితోనే మొదలుపెట్టడం మంచిది. 'ఆండోర్' కూడా అంతే, రెండు సీజన్లలో 24 ఎపిసోడ్లు. అది స్టార్ వార్స్ లోకంలోని కథే, కానీ ఆ సినిమాల గురించి ఏమీ తెలియకపోయినా అర్థమవుతుంది.

తర్వాత అసలు పరీక్ష. మన లోకంలో లేనిది ఆ లోకంలో ఏముంది? మొదటి ఎపిసోడ్ అయ్యేసరికి దీనికి ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలగాలి. 'సెవరెన్స్' తీసుకోండి. మెదడులో చిప్ పెట్టించుకున్న ఉద్యోగికి ఆఫీసులో ఉన్నంతసేపు బయటి జీవితం గుర్తుండదు, బయటికొచ్చాక ఆఫీసు గుర్తుండదు. అంతే. ఇక కథంతా ఇందులోంచే పుడుతుంది. లోపలి మనిషికి ఇల్లు లేదు, నిద్ర తెలియదు, లిఫ్ట్ ఎక్కి దిగితే మళ్లీ ఆఫీసే. రాజీనామా అంటే అతని బతుకు ముగిసినట్టే. అయినా సరే, పోనివ్వమని హెలీ అనే ఉద్యోగిని లోపలి మనిషి మొరపెట్టుకుంటే కుదరదనేది ఎవరో విలన్ కాదు, బయట ఉన్న హెలీయే! పెట్టుకున్న ఒక్క నియమాన్ని పాత్రల మెడకి చుట్టడమంటే ఇదీ.

'సైలో'లో కూడా ఈ పట్టు ఉంది. జనం బతికేది భూమి లోపల 144 అంతస్తుల్లో, లిఫ్ట్ లేదు, మెట్లే గతి. కాబట్టి పైనున్నవాళ్లకీ అడుగునున్నవాళ్లకీ మధ్య దూరం నిజమైన దూరం. రెండో సీజన్లో హీరోయిన్ జూలియెట్‌ని తనవాళ్లకి దూరం చేసేసరికి మాత్రం నా ఓపిక కాస్త తగ్గింది. నియమం చెడలేదు, కథే నెమ్మదించింది. అలాంటప్పుడు ఓపిక పట్టి చూడొచ్చు. హీరోని కాపాడటానికి ఉన్న నియమాన్నే మార్చేశారనుకోండి, నేను అక్కడితో ఆపేస్తాను.

మూడు ఎపిసోడ్ల దాకా పాత్రల్లో ఒక్కరి గురించి కూడా టెన్షన్ పుట్టకపోతే మొహమాటపడకుండా వదిలేయండి.

ఒకే నవల మీద రెండు సిరీస్‌లు ఉంటే? '3 బాడీ ప్రాబ్లెమ్' నెట్‌ఫ్లిక్స్‌లో 8 ఎపిసోడ్లు, చైనావాళ్లు తీసింది 30. వేగం కావాలంటే మొదటిది. ఒక శాస్త్రవేత్తకి తన శాస్త్రం మీదే నమ్మకం ఎలా పోతుందో తీరిగ్గా చూడాలంటే రెండోది. నా ఓటు రెండోదానికే.

'డార్క్' చూసేటప్పుడు ఫోన్ పక్కన పడేసి, కాగితం పెన్ను తెచ్చుకోండి. కథ వేర్వేరు కాలాల మధ్య తిరుగుతుంది, ఒకే మనిషి వేర్వేరు వయసుల్లో వేర్వేరు నటులుగా కనిపిస్తాడు. 1953, 1986, 2019 అని మూడు గళ్లు గీసి పేర్లు రాసుకుంటే సగం చిక్కు పోతుంది. జర్మన్ ఆడియో, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. డబ్బింగ్‌లో ఆ గొంతుల్లోని బరువంతా పోయింది.

మిస్టరీ ఉన్నవాటిని ఒక్క రాత్రిలో లాగించేయకండి. 'ప్లూరిబస్' లాంటివి వారానికొకటి చూస్తేనే బుర్రలో నానుతాయి. సీజన్ల మధ్య గ్యాప్ ఎలాగూ తప్పదు, 'సెవరెన్స్' రెండో సీజన్‌కి 2022 నుంచి 2025 దాకా ఆగాల్సి వచ్చింది. కొత్త సీజన్ రాగానే రీక్యాప్ వీడియోల జోలికి పోకండి, పాత సీజన్‌లోని చివరి రెండు ఎపిసోడ్లు మళ్లీ చూడండి. ఎవరు ఎవరి మీద కోపంతో ఉన్నారో రీక్యాప్ చెబుతుంది గానీ, ఆ కోపం ఎంతో చెప్పలేదు.