మెకానికల్ క్రోనోగ్రాఫ్ వాచీలను పోల్చి చూడటం ఎలా?

క్రోనోగ్రాఫ్ అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ. షాపుకు వెళ్లేముందే మణికట్టు మీద స్కేలు అడ్డంగా పెట్టి, చదునుగా ఉన్న మేర ఎన్ని మిల్లీమీటర్లో రాసుకోండి. వాచీ వెడల్పు కంటే పై లగ్ (పట్టీ తగిలించే కొమ్ము) కొస నుంచి కింది లగ్ కొస దాకా ఉండే పొడవే ముఖ్యం. ఒమేగా స్పీడ్‌మాస్టర్ మూన్‌వాచ్ వెడల్పు 42 మి.మీ., ఈ పొడవు దాదాపు 48. మీ చదును అంతకంటే తక్కువైతే లగ్‌లు చేతి అంచు దాటి గాల్లో ఉంటాయి, వాచీ పక్కకు జారుతూనే ఉంటుంది.

తర్వాత మందం. రోలెక్స్ డేటోనా సుమారు 12 మి.మీ., మూన్‌వాచ్ 13 దాటుతుంది. ఆ తేడాలో కొంత ఉబ్బెత్తు అద్దానిది. వేల్జూ 7750 మూవ్‌మెంట్ (వాచీ లోపలి యంత్రం) ఒక్కటే 7.9 మి.మీ. కాబట్టి అది ఉన్న వాచీ పలచగా ఉండాలని ఆశించకండి. పొడుగు చేతుల చొక్కా వేసుకుని వెళ్లి, కఫ్ కిందకు దూరుతుందో లేదో చూడండి.

ఇక బటన్లు. స్టార్ట్, స్టాప్, రీసెట్ పదిసార్లు నొక్కండి. హారిజాంటల్ క్లచ్ (స్టాప్‌వాచ్‌ను నడిపే పళ్ల చక్రాలు పక్కనుంచి వచ్చి కలిసే ఏర్పాటు) ఉంటే పళ్లు కలిసే క్షణంలో సెకన్ల ముల్లు కొంచెం ఎగరవచ్చు, అది లోపం కాదు. డేటోనాలోది వర్టికల్ క్లచ్ (పళ్లతో కాక, పైనుంచి ఒత్తుకుని కలిసేది), అందుకే ముల్లు నున్నగా కదులుతుంది. రీసెట్ చేశాక మాత్రం ముల్లు సరిగ్గా 12 మీదే నిలవాలి. పక్కకు నిలిస్తే ఆ పీసు తీసుకోవద్దు. ఫ్లైబ్యాక్ మోడల్ (నడుస్తుండగానే రీసెట్ చేయగలిగేది) కాకపోతే, నడుస్తుండగా రీసెట్ నొక్కకండి.

కాలమ్ వీల్ (బటన్ నొక్కినప్పుడు స్టాప్‌వాచ్‌ను నడిపి ఆపే స్తంభాల చక్రం) ఉంటేనే గొప్ప అనే మాట నమ్మొద్దు. మూన్‌వాచ్ 3861 మూవ్‌మెంట్ కామ్‌తో (అదే పని చేసే వంపుల పలకతో) నడుస్తుంది, అయినా 15,000 గాస్ అయస్కాంత క్షేత్రాన్ని తట్టుకునే మెటాస్ (స్విట్జర్లాండ్ ప్రభుత్వ కొలతల సంస్థ) పరీక్ష నెగ్గింది.

ఫినిషింగ్‌కు 10 రెట్లు పెద్దగా చూపే లూప్ చాలు. బ్రష్ చేసిన భాగం, పాలిష్ చేసిన భాగం కలిసే గీత కత్తిరించినట్టు ఉండాలి. వెనక అద్దం ఉంటే బ్రిడ్జిల (చక్రాలను పట్టి ఉంచే లోహపు పలకల) లోపలి మూలలు చూడండి: పాలిష్ చేసిన రెండు అంచులు పదునైన కోణంలో కలిస్తే అది చేతిపనే. తిరిగే పనిముట్టు ఆ మూలను గుండ్రంగా వదిలేస్తుంది. ఎ. లాంగే అండ్ సోనే వారి డేటోగ్రాఫ్‌కు అంత ధర ఉండటానికి ఇలాంటి పని ఒక కారణం.

విలువ లెక్కలో సర్వీసు ఖర్చు కలపండి. మామూలు మూడు ముళ్ల వాచీకంటే క్రోనోగ్రాఫ్‌లో విడిభాగాలు ఎక్కువ, విప్పి బిగించే పనీ ఎక్కువ. భారత్‌లో 10 లక్షల రూపాయలు దాటిన వాచీపై 2025 ఏప్రిల్ 22 నుంచి 1 శాతం టీసీఎస్ (అమ్మేవారు కొనేవారి నుంచి ముందే తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తున్నారు. ఐటీ రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు కాబట్టి బిల్లు మీద పాన్ నంబరు, వాచీ సీరియల్ నంబరు సరిగా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.