లేజర్‌జెట్ 2కు ఫాంటు పంపినా కొరియరే అచ్చవుతోందా?

సమస్య: డాస్ (పాతకాలపు ఆపరేటింగ్ సిస్టమ్) కంప్యూటర్ నుంచి హెచ్‌పీ లేజర్‌జెట్ సిరీస్ 2 ప్రింటర్‌కు సాఫ్ట్ ఫాంటు, అంటే ప్రింటర్ మెమరీలోకి ఎక్కించే ఫాంటు ఫైలు, పంపారు. తెర మీద ఫిర్యాదేమీ లేదు. పేజీ మాత్రం ప్రింటర్‌లో ముందే ఉన్న కొరియర్ ఫాంటులోనే వచ్చింది, లేదా సగం అక్షరాలు వచ్చి మిగతా చోట్ల ఖాళీలు మిగిలాయి.

కేబులు మార్చే ముందు ప్రింటర్‌ను ఆఫ్‌లైన్‌లో పెట్టి, ప్రింట్ ఫాంట్స్ మీట నొక్కి జాబితా తీయండి. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఆ కాగితం చేతపట్టుకుని వచ్చినవారు చాలా అరుదు. శాశ్వతంగా ఉంచమని చెప్పి పంపిన ఫాంటు అందులో నిండుగా కనిపిస్తే ప్రింటర్ తప్పేమీ లేదు. మీ సాఫ్ట్‌వేర్ అడుగుతున్న సింబల్ సెట్ (ఏ సంకేతానికి ఏ అక్షరమో చెప్పే పట్టిక), పిచ్ (అంగుళానికి ఎన్ని అక్షరాలు), ఎత్తు ఆ ఫాంటుతో సరిపోవడం లేదు.

ఫాంటు అరకొరగా ఉంటే, మీరు ఏ ఆదేశంతో పంపారో చూడండి. కాపీ ఆదేశంలో /బి (ఫైలును ఉన్నదున్నట్టు, బైనరీగా పంపమనే గుర్తు) లేకపోతే కారణం దొరికినట్లే. ప్రింటర్ వంటి పరికరానికి పంపేటప్పుడు డాస్ ఫైలును మామూలు పాఠంగా భావిస్తుంది. పాఠంలో 26వ సంకేతం, అంటే కంట్రోల్-జెడ్, ముగింపు గుర్తు. డాస్‌కు ముందటి సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలు పొడవును 128 బైట్ల ముక్కలుగానే లెక్కించేది, అందుకే పాఠం సరిగ్గా ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు కావలసి వచ్చింది; ఆ కాలం నుంచి వచ్చిన అలవాటు ఇది. ఫాంటు ఫైలులోనేమో 26 ఒక అక్షరం బొమ్మలోని చుక్కల వరుస మాత్రమే. డాస్ అక్కడే ఆగిపోతుంది, పైగా ఒక ఫైలు కాపీ అయిందని చెబుతుంది.

నన్ను ఎక్కువగా ఏడిపించింది దీని తరువాతి దశ. అక్షరం మధ్యలో తెగితే ప్రింటర్ మిగిలిన బైట్ల కోసం ఎదురుచూస్తూ, తరువాత వచ్చే ఉత్తరం మొదటి వరుసలను ఆ అక్షరంలో భాగంగా మింగేస్తుంది. ఉత్తరాల తల ఎందుకు ఎగిరిపోతోందో తెలియక రెండు రోజులు వర్డ్ ప్రాసెసర్ అమరికలన్నీ తిరగేశాను.

పరిష్కారం: ప్రింటర్‌ను ఆపి మళ్లీ వేయండి. తరువాత ఇలా పంపండి (ఎల్‌పీటీ1 అంటే ప్రింటర్ తగిలించిన పోర్టు):

కాపీ /బి ఫాంటు-ఫైలు ఎల్‌పీటీ1:

ఇలా పంపినా ఫాంటు నిలవకపోతే అది తాత్కాలికంగా చేరిందన్నమాట. చాలా ప్రోగ్రాములు పని మొదట్లో ఎస్కేప్-ఈ (ఎస్కేప్ అనే 27వ సంకేతం, దాని వెనక పెద్ద ఈ) పంపి ప్రింటర్‌ను రీసెట్ చేస్తాయి. తాత్కాలిక ఫాంట్లు దానితో చెరిగిపోతాయి. ఫాంటు వెనకే ఎస్కేప్, నక్షత్రం గుర్తు, చిన్న సి, 5, పెద్ద ఎఫ్ పంపితే అది కరెంటు ఉన్నంతసేపు ఉంటుంది. చివరి ఎఫ్ చిన్నదైతే ఆదేశం ముగియదు, జాగ్రత్త.

మిగతావి అరుదు. ప్రింటర్ మీది చిన్న తెరపై 20 వస్తే దాని మెమరీ నిండింది. 512 కిలోబైట్లతో పెద్ద సైజు ఫాంట్లు ఎన్నో పట్టవు. రెండు ఫాంట్లకు ఒకే ఐడీ సంఖ్య ఇస్తే రెండోది మొదటిదాన్ని తుడిచేస్తుంది. అడ్డం పేజీకి వేరే ఫైలు కావాలి, ఈ మోడల్ అక్షరాలను తిప్పలేదు. కేబులే చెడిపోయి ఉంటే మామూలు పాఠం కూడా తప్పుగా వచ్చేది.