విశ్వాసులు ఫాంటసీ పుస్తకాలు ఎలా చదవాలి

ఫాంటసీ చదవడం పాపమా అని డౌట్ ఉన్నవాళ్ళు ముందు బైబిల్లో న్యాయాధిపతులు 9 తీయండి, యోతాము చెప్పిన కథలో చెట్లన్నీ రాజు కోసం వెతుకుతాయి, ఒలీవ చెట్టు, అంజూరం, ద్రాక్షావల్లి ఒక్కొక్కటే మాకొద్దు అంటాయి, చివరికి ముండ్లపొద వచ్చి నా నీడలో ఉండండి అంటుంది. ముండ్లపొదకి నీడెక్కడిది! తన అన్నదమ్ముల్ని చంపి రాజైన అబీమెలెకు ఎలాంటివాడో ఇంతకంటే సూటిగా చెప్పలేం. కాబట్టి ఊహించి కథ చెప్పడం తప్పేం కాదు.

పుస్తకం పట్టుకున్నాక చూడాల్సింది మెయిన్‌గా ఒకటే, ఈ కథ చెడుని చెడుగానే చూపిస్తోందా లేక మనకి నచ్చేలా ముస్తాబు చేస్తోందా అని. కథలో మంత్రాలు ఉండటం వేరు, చదివాక నిజంగా ట్రై చేద్దాం అనిపించడం వేరు, అలా అనిపిస్తే మాత్రం మంత్రతంత్రాల జోలికి వెళ్ళొద్దని ద్వితీయోపదేశకాండము 18:10-12లో చాలా క్లియర్‌గా ఉంది, బుక్ మూసేయండి. ఫ్రెండ్ చదివాడు కదా అని మీరూ చదవక్కర్లేదు, రోమా 14 చూడండి, అలాగే చదివేవాళ్ళకి తీర్పు తీర్చకండి కూడా.

పిల్లలకైతే ముందు మీరు చదివి ఇవ్వండి, అయ్యాక కథలో ఆ రాజు ఎందుకలా చేశాడు, నువ్వైతే ఏం చేసేవాడివి అని అడగండి, వాళ్ళ జవాబులు నాకు భలే ఇష్టం. బైబిల్ చదివే టైమ్‌ని నవల తినేస్తుంటే వాక్యం అయ్యాకే నవల తీయండి.