ముందు గేటు దగ్గర నిలబడండి, తర్వాతే కోర్సు

గుంటూరులో ఓ మిర్చి కోల్డ్ స్టోరేజీ వాళ్లు పిలిచి, "గుమాస్తాలు లాట్ నంబర్లు తప్పు రాస్తున్నారండీ, ఆన్‌లైన్ ట్రైనింగ్ ఏదైనా చేసిపెట్టండి" అన్నారు. లాట్ నంబరంటే ఎవరి బస్తాలు ఏవో తెలిపే గుర్తు. అనగానే స్లైడ్లు మొదలుపెట్టకండి. నేను రెండు రోజులు గేటు దగ్గరే నిలబడ్డాను. రాత్రి తప్పులకు అసలు కారణం బల్ల మీద వెలుతురు లేకపోవడం. దానికి కోర్సెందుకు, బల్బు చాలు!

మిగిలినవి తొందరలో జరిగేవి. ట్రైనింగ్ వాటికే. "తేజ బస్తాల్లో 334 ఎలా కలిసింది?" (రెండూ మిర్చి రకాలే) అని గుమాస్తాలనే అడిగి, వాళ్లు చెప్పిందే సన్నివేశంగా రాశాను. వెనక లారీ హారన్ మోగుతోంది. రైతు "నంబరు తర్వాత రాద్దువులే బాబూ" అంటున్నాడు. ఏం చేస్తావు? మూడు దారులు. ఏది నొక్కినా ఎర్రగా "తప్పు" అని చూపించొద్దు, జరిగేది చూపించండి: మూడు నెలలకు అదే రైతు బాండు (బస్తాలు దాచినందుకు ఇచ్చిన రసీదు) పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు, బస్తాలు దొరకట్లేదు.

దీనికి గూగుల్ ఫామ్స్ చాలు, ఉచితం. మల్టిపుల్ చాయిస్ ప్రశ్న పెట్టి, మూడు చుక్కల మెనూలో జవాబును బట్టి సెక్షన్‌కి పంపే ఆప్షన్ నొక్కండి. ఒక్కో సెక్షన్ తర్వాత ఎటు వెళ్లాలో కూడా చెప్పాలి. నేను మర్చిపోతే, ఫామ్ వరసగా తర్వాతి సెక్షన్‌కే వెళ్లి, సరిగ్గా చేసినవాడికీ బస్తాలు పోయాయి!

చివర్లో మార్కులు చూడకండి, రిజిస్టర్‌లో తప్పులు లెక్కపెట్టండి.